విడిపోయిన జంట మళ్లీ కలిసే నవలలు: మధ్యలో ఆ ఏళ్లు ఏమైపోతున్నాయి?

మారతహళ్లి_మాధవి
నిన్న రాత్రి ఇంకొకటి పూర్తి చేశాను. ఈ నెలలో ఇది ఆరోది. ఆరింటిలోనూ కథ ఒకటే. కాలేజీలో ప్రేమ, పెళ్లి, ఏదో అపార్థం, విడాకులు. అయిదేళ్ల తర్వాత అతను ఆమె పనిచేసే ఆఫీసుకే బాస్‌గా వస్తాడు. కొన్నాళ్లు కోపం. తర్వాత ఇద్దరూ లిఫ్టులో ఇరుక్కుంటారు. ఆమెకు జ్వరం వస్తుంది, అతను రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ వేస్తాడు. ఆఖర్న వాన. ఆ వానలో ఆమె ఏడుస్తుంది, అతను దగ్గరికి తీసుకుంటాడు, అయిపోయింది.

ఈ రకం కథలంటే నాకు ప్రాణం, అందుకే ఇంత బాధ. కొత్తగా ప్రేమించేవాళ్లకు ఒకరి గురించి ఒకరికి పెద్దగా తెలీదు, ఆశే ఎక్కువ. వీళ్లకు అన్నీ తెలుసు. ఎక్కడ తగిలితే నొప్పో కూడా తెలుసు. అయినా మళ్లీ చెయ్యి చాపాలి. అంత పెద్ద విషయాన్ని చేతిలో పెట్టుకుని "అయిదేళ్ల తర్వాత" అని ఒక్క ముక్క రాసి దాటేస్తారేంటి? ఆ అయిదేళ్లూ ఆమె అద్దె ఎలా కట్టింది? సంక్రాంతికి ఎవరింటికి వెళ్లింది? అతనికి అవి తెలుసుకోవాలని ఉండదా?

ఇద్దరూ మళ్లీ కలిస్తే "అవును, కలవాల్సిందే" అని మీ మనసు ఒప్పుకున్న కథ ఏదైనా ఉంటే చెప్పండి.

సిల్క్‌బోర్డు_శీను
లిఫ్టు దేనికండీ. బెంగళూరులో విడిపోయినవాళ్లు ఎదురుపడాలంటే సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు సిగ్నల్ ట్రాఫిక్ చాలు. మాట్లాడుకోవడానికి గంట టైము కూడా దొరుకుతుంది.

కడప_కుర్రోడు
నేను ఒప్పుకోను మాధవక్కా. రాత్రి పదకొండుకి ల్యాప్‌టాప్ మూసి, నిద్ర పట్టక చదువుతాను. అప్పుడు నాకు వాళ్లిద్దరూ కలవాలి, అంతే. అద్దె, అడ్వాన్సు టెన్షన్లు నాకే బోలెడున్నాయి, కథలో కూడా ఎందుకు? వాన సీను నాకు కావాలి.

పాత_పుస్తకం
మాధవి గారు అడిగినదానికి నా జవాబు జేన్ ఆస్టిన్ 'పర్స్యుయేషన్'. ఆమె 1817 జులైలో చనిపోయారు, పుస్తకం ఆ ఏడాది చివర్లో వచ్చింది. పంతొమ్మిదేళ్ల ఆన్, ఆస్తిలేని నావికాదళ అధికారి వెంట్‌వర్త్‌ని ఇష్టపడుతుంది. తల్లిలాంటి ఒక పెద్దావిడ వద్దంటే ఆ మాట విని నిశ్చితార్థం తెంచుకుంటుంది. ఎనిమిదేళ్ల తర్వాత అతను డబ్బూ పేరూ సంపాదించుకుని వస్తాడు. ఆమెను చూసి, గుర్తుపట్టలేనంత మారిపోయిందని అంటాడు. ఆ మాట తిరిగి తిరిగి ఆమె చెవిన పడుతుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే గదిలో, నలుగురి మధ్య, మనసులో మాట చెప్పుకోకుండా వారాల తరబడి మసలుతారు. మీరడిగిన మధ్య ఏళ్లు ఆ మౌనం నిండా ఉన్నాయి.

చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపుల్లో ఎప్పుడు వెళ్లినా ఒక ప్రతి దొరుకుతుంది.

వరంగల్_పిల్ల
అందులో కూడా పెద్దావిడ మాట విని విడిపోయారు కదా సార్. అంటే ఇద్దరి తప్పూ లేదు. మూడో మనిషి మీద నెట్టేస్తే కలపడం సులువే.

పాత_పుస్తకం
లేదమ్మా, అక్కడే ఆస్టిన్ గొప్పతనం. చివర్లో వెంట్‌వర్త్ ఒక ప్రశ్న అడుగుతాడు. 1808లో నా దగ్గర కొంచెం డబ్బు చేరింది, ఓడ దొరికింది. అప్పుడు నీకు ఉత్తరం రాసి ఉంటే ఒప్పుకునేదానివా అని. తప్పకుండా ఒప్పుకునేదాన్నని ఆమె చెబుతుంది. అప్పుడతనికి తెలిసివస్తుంది, ఆ పెద్దావిడ కన్నా తనకు పెద్ద శత్రువు తన అహంకారమేనని. రెండోసారి అడగడానికి మనసొప్పక ఆరేళ్లు పోగొట్టుకున్నాడు. ఎవరో విడదీశారు నిజమే, కానీ అన్నేళ్లు విడిగా ఉంచింది తనే. ఆ మాట ఆస్టిన్ అతని నోటితోనే చెప్పించింది.

మారతహళ్లి_మాధవి
ఆ "ఆరేళ్లు" అన్న లెక్క చదివి నాకు ఒళ్లు జలదరించింది. ఇదే నేను అడిగింది. పోయిన కాలాన్ని కూర్చుని లెక్కపెట్టే మగవాడు కావాలి నాకు. శనివారం చర్చ్ స్ట్రీట్ వెళ్తాను.

కోలారు_కమల
మా ఇంట్లో జరిగింది. విడాకులు తీసుకున్న మనిషినే నేను మళ్లీ పెళ్లి చేసుకున్నాను. మేము కోలారువాళ్లం, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నా, తప్పులుంటే సర్దుకోండి. నాలుగేళ్లు విడిగా ఉన్నాము. మళ్లీ మాట్లాడుకున్న రోజు వాన లేదు, ఎండాకాలం. కరెంటు కూడా లేదు.

కడప_కుర్రోడు
అక్కా, మొత్తం చెప్పాలి. ఆయన మొదట ఏమన్నారు?

కోలారు_కమల
అది మా ఇద్దరి మాట. ఆయన్ని అడిగి చెబుతాను.

లాయరమ్మ
కమల గారి పోస్టు చూసి ఇటు వచ్చాను. ఫ్యామిలీ కోర్టు పనిలో ఉన్నదాన్ని కాబట్టి, ఈ నవలల్లో నన్ను బాధపెట్టే సంగతి ఒకటి చెబుతాను. జడ్జి గారు "ఆరు నెలలు ఒకే ఇంట్లో కలిసి ఉండండి, తర్వాత చూద్దాం" అని ఆర్డర్ వేస్తారు, ఆ ఆరు నెలల్లో ప్రేమ పుడుతుంది. చట్టం దానికి తలకిందులుగా ఉంది. ఇద్దరూ ఒప్పుకుని తీసుకునే విడాకులకు, హిందూ వివాహ చట్టం 13బి కింద, పిటిషన్ వెయ్యాలంటేనే అప్పటికి ఏడాదిగా విడిగా ఉండాలి. ఆ సెక్షన్ 1976లో చేర్చారు. ఆరు నెలలు అనేది మొదటి మోషన్‌కి (ఇద్దరూ కలిసి పిటిషన్ వెయ్యడం), రెండో మోషన్‌కి (విడాకులు కావాలని మళ్లీ అడగడం) మధ్య గడువు. ఆ గడువును కూడా తగిన కేసుల్లో మాఫీ చెయ్యవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.

కానీ ఆ గడువులోనే నిజమైన కథలు ఉన్నాయి. డిక్రీ, అంటే విడాకుల తుది తీర్పు, వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడ ఫ్యామిలీ కోర్టు ఉన్న న్యాయదేగుల భవనంలో మీడియేషన్ (రాజీ మాటల) గది బయట బెంచీ మీద, చెరో చివర కూర్చున్న జంటలను ఎన్నోసార్లు చూశాను. ఒకతను ఆమెకు నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు. ఆమె చేతికి నొప్పి ఉందని అతనికి ఇంకా గుర్తుంది. ఆ కేసు ఏమైందో చెప్పకూడదు. రచయితలకు ఆ బెంచీ మీద కథలు కావలసినన్ని దొరుకుతాయి.

ఇంకో మాట. డిక్రీ వచ్చేశాక మళ్లీ కలిసి ఉండాలనుకుంటే పాత పెళ్లి తిరిగి ప్రాణం పోసుకోదు. మళ్లీ పెళ్లి చేసుకోవాలి, రిజిస్టర్ చేయించుకోవడం మంచిది. నవలల్లో పాత తాళి బీరువాలోంచి తీసి కట్టేస్తారు. చూడటానికి బాగుంటుంది కానీ ఆ ఒక్కటీ చాలదు.

కోలారు_కమల
మేము రెండోసారి రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లాము. అక్కడ పనిచేసే ఆమె "మొదటి పెళ్లా?" అని అడిగితే ఇద్దరం ఒకేసారి "కాదు" అన్నాము. ఆమె పాపం చాలాసేపు అయోమయంగా చూసింది.

రాత్రి_రాతలు
నేను ఆన్‌లైన్‌లో ఇలాంటి సీరియలే రాస్తున్నాను, అందుకే ఒక సంగతి. రోజుకో భాగం పెట్టాలి. పెట్టిన పది నిమిషాల్లో కామెంట్లు వచ్చేస్తాయి, "ఎప్పుడు కలుపుతారు అక్కా" అని. నా హీరోయిన్ భర్తను వదిలేసి బెంగళూరులో ఇల్లు వెతుక్కునే భాగాలు మూడు రాశాను. ఒంటరిగా ఉంటానంటే ఓనర్లు అడిగే ప్రశ్నలు, పది నెలల అడ్వాన్సు కోసం గాజులు అమ్మడం, మొదటి రాత్రి పరుపు లేకుండా చాప మీద పడుకోవడం. అవి మనసు పెట్టి రాసినవి. చదివేవాళ్లు సగానికి తగ్గిపోయారు. తర్వాత భాగంలో హీరో కారు దిగాడు, అందరూ తిరిగి వచ్చారు.

మాధవి గారూ, రచయితలు దాటేస్తున్నారని అన్నారు. దాటించేది ఎవరో కూడా చూడండి.

ఇప్పుడు 41వ భాగం దగ్గర ఆగిపోయాను. అతను వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాడు. ఏం మాట్లాడించాలో తెలీక నాలుగు రోజులైంది.

మారతహళ్లి_మాధవి
ఆ మూడు భాగాలూ చదవాలని ఉంది, పేరు చెప్పండి. చాప మీద పడుకున్న మొదటి రాత్రి కోసం నేను వస్తాను.

కడప_కుర్రోడు
పైన వాన సీను కావాలన్నది నేనే. కానీ గాజులు అమ్మిన భాగం నేను కూడా చదువుతాను, ఒట్టు.

నెల్లూరు_వాణి
'96' గురించి ఎవరూ ఎత్తలేదేం? తమిళంలో 2018లో వచ్చింది, తెలుగులో 'జాను'గా 2020లో. బడిలో ప్రేమించుకున్న ఇద్దరు ఏళ్ల తర్వాత ఒక్క రాత్రి కలుస్తారు. అంత బాగా ఇంకే నవల చెప్పింది?

వరంగల్_పిల్ల
అది వేరే వాణక్కా. వాళ్లు మళ్లీ విడిపోతారు, ఆమెకు పెళ్లయి పాప ఉంది. ఈ రకం నవల కొనేవాళ్లు ఇద్దరూ ఆఖరికి కలుస్తారన్న నమ్మకంతోనే కొంటారు. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం కూడా రొమాన్స్ అంటే ప్రేమే ముఖ్య కథ కావాలి, ముగింపు ఆశగా ఉండాలి అని నిర్వచనం పెట్టుకుంది. '96' చూసి నేను మస్తు ఏడ్చాను, కానీ అది పోయినదాని గురించి కథ. తిరిగి వచ్చినదాని గురించి కాదు.

పాత_పుస్తకం
తిరిగి రావడం గురించి అయితే మనవాళ్లను మించినవాళ్లు లేరు. శకుంతల కథ ఏమిటి? విడిపోయిన జంట, కొడుకు, ఏళ్ల తర్వాత కలయిక.

సిల్క్‌బోర్డు_శీను
అంటే తండ్రికి తెలీకుండా కొడుకును పెంచే ఫార్ములా మనదేనన్నమాట! ఈ ఆరు నవలల్లో ఎన్నింటిలో ఉంది మాధవి గారూ?

మారతహళ్లి_మాధవి
నాలుగింటిలో శీను గారూ. ఒకదాంట్లో కవలలు.

కానీ పాత పుస్తకం గారూ, శకుంతల కథ మీదే నా పెద్ద ఫిర్యాదు. మహాభారతంలో దుష్యంతుడు ఆమెను గుర్తుండే కాదంటాడు. నన్నయ పద్యాల్లో శకుంతల నిండు సభలో నిలబడి సత్యం గొప్పదనం చెబుతుంది. "నుతజలపూరితంబులగు నూతులు నూరిటికంటె" పద్యం మా తాతయ్య కంఠతా చెప్పేవారు. నూరు బావుల కంటే ఒక దిగుడుబావి మేలు అని మొదలుపెట్టి, నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం మేలు అని ముగిస్తుంది. ఎంత ధైర్యం! కాళిదాసు వచ్చి దుర్వాస శాపం, ఉంగరం పెట్టాడు. రాజు తప్పు కాదు, శాపం తప్పు. ఇప్పటి సీరియళ్లలో ఎవరో ఫోన్ లాక్కుని మెసేజ్ డిలీట్ చేస్తారు చూడండి, అదీ అంతే. చేసినవాడి మీద నుంచి బరువు దించెయ్యడం.

పాత_పుస్తకం
సగం ఒప్పుకుంటాను. శాపం అతన్ని నిందలోంచి తప్పించింది, బాధలోంచి తప్పించలేదు. ఆరో అంకం చూడండి. ఉంగరం దొరికి అన్నీ గుర్తొచ్చాక వసంతోత్సవం ఆపేయిస్తాడు. ఆమె బొమ్మ గీసుకుని దాని ముందు కూర్చుంటాడు. ఏడో అంకంలో ఆమె కాళ్ల మీద పడతాడు, శాపం సంగతి ఇద్దరికీ అప్పటికి ఇంకా తెలీదు. నా తప్పు కాదు అని చెప్పుకునే దారి లేనప్పుడే పడ్డాడు. మీ ఆరు నవలల్లో హీరోలు ఎంతమంది పడ్డారు?

మారతహళ్లి_మాధవి
ఒక్కడూ పడలేదు. శాపం సంగతి తెలియకముందే పడ్డాడన్నది నేను గమనించలేదు. మళ్లీ చదువుతాను.

నెల్లూరు_వాణి
నాకు నలుడి కథ ఎక్కువ ఇష్టం. అడవిలో నిద్రపోతున్న భార్య చీర సగం చించుకుని వెళ్లిపోయాడు. ఆమె వెతికించింది. ఋతుపర్ణుడనే రాజు దగ్గర బాహుకుడనే సారథి ఉన్నాడని తెలిసి, అతనే రూపం మారిన నలుడేమోనని అనుమానించి, రెండో స్వయంవరం అని కబురు పెట్టించింది, అదీ తెల్లారితేనే అని. అంత దూరం అంత తొందరగా రథం తోలగలవాడు నలుడొక్కడే. వచ్చాక కూడా పరుగెత్తుకు వెళ్లలేదు. దాసిని పంపి గమనించింది, అతను వండింది తెప్పించి రుచి చూసింది, పిల్లలను పంపి ఎలా దగ్గరికి తీసుకుంటాడో చూసింది. అప్పుడు పిలిపించి ఒక్కటే అడిగింది. ఏ తప్పూ చెయ్యని భార్యను నిద్రలో అడవిలో వదిలి వెళ్లిన మనిషిని ఎక్కడైనా చూశావా అని.

ఈ నవలల్లో హీరోయిన్లు ఇలా పరీక్ష పెట్టరు. అతను వచ్చాడు అంటే ఇంక కరిగిపోవడమే.

వరంగల్_పిల్ల
పరీక్ష పెట్టడం గురించి అన్నారు కాబట్టి ఒక మాట. మా పిన్ని కూతురును ఆమె భర్త కొట్టేవాడు. విడిపోయింది. రెండేళ్లకు వచ్చి ఏడ్చాడు, మారానన్నాడు. చుట్టాలందరూ "ఒక అవకాశం ఇవ్వు" అన్నారు. ఇచ్చింది. మూడు నెలల్లో మళ్లీ అదే. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో నాతోనే ఉంటున్నది, ఉద్యోగం చేస్తున్నది. ఆమె ముందు ఇట్లాంటి పుస్తకం పెట్టాలంటే నాకు చెయ్యి రాదు.

చెంపదెబ్బ కొట్టిన హీరోను అయిదేళ్ల తర్వాత పూలగుత్తితో తెచ్చి కలిపే నవలలు ఉన్నాయి. అవి రాసేవాళ్లు దయచేసి ఆలోచించాలి. దూరంగా ఉన్నంత మాత్రాన మనిషి మారడు. ఏ తప్పు వల్ల విడిపోయారన్నది ముందు తేల్చాలి. అన్నింటికీ రెండో అవకాశం లేదు.

లాయరమ్మ
ప్రతి మాటతో ఏకీభవిస్తాను. మీ చెల్లెలికి ఎప్పుడైనా సలహా కావాలంటే ఇక్కడే ఒక్క మాట రాయండి.

రాత్రి_రాతలు
నా కథలో అలాంటిది లేదు, ఉండదు. అతను ఎప్పుడూ ఇంట్లో లేకపోవడమే వాళ్ల గొడవ. ఆమెకు గర్భం పోయిన వారంలో కూడా ఊళ్లో లేడు. అందుకే గుమ్మం దగ్గర మాట దొరకడం లేదు. "క్షమించు" అని రాసి నాలుగుసార్లు కొట్టేశాను.

కడప_కుర్రోడు
నాది కూడా చెబుతాను. కాలేజీలో మూడేళ్లు ప్రేమించుకున్నాం, ఇక్కడ ఉద్యోగాలు వచ్చాక విడిపోయాం. మూడేళ్ల తర్వాత తనే మెసేజ్ పెట్టింది. కబ్బన్ పార్కులో కలిశాం, వెదురు పొదల దగ్గర బెంచీ మీద. రెండు గంటలు కాలేజీ రోజుల గురించే మాట్లాడుకున్నాం, బాగా నవ్వుకున్నాం. లేచేటప్పుడు నాకు అర్థమైంది. ఇప్పుడు ఏం పని చేస్తున్నావని తను నన్ను అడగలేదు, నేనూ తనని అడగలేదు. ఇద్దరం ఇరవై రెండేళ్ల పిల్లల్ని చూసుకోవడానికి వచ్చాం. మెట్రో దాకా కలిసి నడిచాం, చెరో వైపు రైలు ఎక్కాం. కోపం ఏమీ లేదు. రాత్రిపూట వాన సీను ఎందుకు కావాలో ఇప్పుడు తెలిసిందా.

మారతహళ్లి_మాధవి
తెలిసింది తమ్ముడూ. పొద్దున నీ మాటకు మనసులో కొంచెం విసుక్కున్నాను, ఏమీ అనుకోకు.

పాత_పుస్తకం
ఆ కుర్రాడి పోస్టు చదివాక సంస్కృత నాటకకర్త భవభూతి గుర్తొచ్చాడు. ఆయన నాటకం ఉత్తరరామచరితం మూడో అంకం. సీతను అడవికి పంపి పన్నెండేళ్లు. రాముడు మళ్లీ ఆ దండకారణ్యానికి వస్తాడు. గంగాదేవి వరం వల్ల సీత అక్కడే ఉన్నా ఎవరికీ కనపడదు. వెనకటి చోట్లు చూసి రాముడు ఏడుస్తాడు, మూర్ఛపోతాడు. సీత చెయ్యి తగిలితే తేరుకుంటాడు, కానీ ఎవరి చెయ్యో చూడలేడు. ఎదురుగా ఉంటే రాజు ఏం మాట్లాడేవాడో! ఎదుట లేదనుకుని మాట్లాడాడు కాబట్టి ఆమె నిజం విన్నది. పన్నెండేళ్లూ అతని లోపల ఏం జరిగిందో ఆమెకు తెలిసింది. రామాయణంలో లేని కలయికను భవభూతి చివరి అంకంలో పెట్టాడు. ఆ చివరి అంకానికి బలం ఈ మూడో అంకమే.

వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వైపు వస్తే చెప్పండి, నా దగ్గర తెలుగు తాత్పర్యంతో ఒక ప్రతి ఉంది, ఇస్తాను. తిరిగి ఇవ్వాలి మరి.

నెల్లూరు_వాణి
నేను వస్తాను. ఇస్తాను కూడా.

లాయరమ్మ
సీతకు ఆ అవకాశం వచ్చింది, ఆమె విన్నది. మరి అతను ఆమె పన్నెండేళ్లు విన్నాడా?

పాత_పుస్తకం
అక్కడ నా దగ్గర జవాబు లేదమ్మా. పిల్లల్ని ఎలా కన్నదో, ఎలా గడిపిందో రాముడు ఆమె నోటి నుంచి విన్నట్టు భవభూతి కూడా రాయలేదు.

కోలారు_కమల
ఆయన్ని అడిగాను. రాయమన్నారు.

మేము విడిపోయిన రెండో ఏడు నాకు డెంగీ వచ్చింది. బాణసవాడిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆయనకు ఎవరో చెప్పారంట, రాలేదు. రావడానికి మొహం చెల్లలేదంట. ఇంకో రెండేళ్ల తర్వాత, మా మామగారి సంవత్సరీకం పిలుపుకి వచ్చారు. పిలిచి వెళ్లిపోతారనుకున్నా. కరెంటు పోయింది, నేను కొవ్వొత్తి వెలిగించా. అప్పుడు అడిగారు, "జ్వరం వచ్చినప్పుడు ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు?" అని.

పక్కింటి ఆటో ఆయన అని చెప్పాను. రాత్రి పక్కన ఎవరున్నారు అని అడిగారు. ఎవరూ లేరన్నాను. ఏం తిన్నావన్నారు. డబ్బు ఎవరిచ్చారన్నారు. అలా ఒక్కొక్కటీ అడిగారు, నేను చెబుతూ పోయాను. మధ్యలో నాకు కోపం వచ్చి అరిచాను కూడా. ఆయన అడ్డం రాలేదు. రెండు గంటలు దాటింది. క్షమించు అని ఆ రోజు అనలేదు. లేచి వెళ్లి, మరుసటి రోజు ఆ ఆటో ఆయన ఇంటికి పండ్లు పట్టుకుని వెళ్లి దండం పెట్టి వచ్చారంట. ఆ సంగతి ఆటో ఆయన భార్య చెబితే నాకు తెలిసింది.

ఇంకో ఏడాది పట్టింది పెళ్లికి.

కడప_కుర్రోడు
అక్కా, ఏమీ రాయలేకపోతున్నా.

వరంగల్_పిల్ల
దీన్ని మా చెల్లెలికి చదివి వినిపిస్తాను. ఇది వినిపించొచ్చు.

రాత్రి_రాతలు
కమలక్కా, మీ మాట నా కథలోకి తీసుకోను, అది మీది. కానీ నాలుగు రోజులుగా నేను అతని చేత ఏం చెప్పించాలా అని కూర్చున్నాను. అతను అడగాలని నాకు తట్టలేదు. ఈ రాత్రి 41వ భాగం మొదటి నుంచి రాస్తాను. ఆమె చాప సంగతి దగ్గర మొదలుపెడతాను. చదివేవాళ్లు తగ్గితే తగ్గనీ.

మారతహళ్లి_మాధవి
నేను మేలుకునే ఉంటాను. పెట్టగానే చెప్పండి.